వరండాలోకి వచ్చిన కాటా

విజయనగరం జిల్లాలో ముప్పై మూడేళ్లు వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలు కొందరు ఇంటికొచ్చి కూర్చుని "మేడమ్, మాకు ఏదైనా చెప్పండి" అంటారు. నోరు ఆ మాట అంటుంది గాని, కళ్లు మాత్రం అలమరలో ఉన్న కప్పుల మీదే ఉంటాయి. వాటి గురించి చెప్పడానికేముంది? నెలకోసారి తుడవకపోతే నల్లబడిపోతాయి. అంతే.

అందుకని, వాళ్లకి కాఫీ ఇచ్చి పంపించేస్తూ చెప్పకుండా దాటేసినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఎన్ని జట్లను ఎక్కడెక్కడికి తీసుకెళ్లానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. బరువు చూసే కాటా ఒకటుంది. దాని మీదికి ఎక్కనన్న ఆడపిల్లలు ఇద్దరున్నారు. మొదటి పిల్ల విషయంలో క్షమించరాని తప్పు చేశాను. రెండో పిల్ల విషయంలో చెయ్యలేదు. నా సర్వీసులో చెప్పుకోదగ్గది అదొక్కటే.

పిల్లల పేర్లు మార్చాను. అసలు పేర్లు రాయడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం లేకపోయినా నేను రాయను. వాళ్లకి ఆట నేర్పిన కోచ్ పేరు రాయకపోవడానికి కారణం వేరు. ఊరి గోడల మీదా ఫ్లెక్సీల మీదా ఆ పేరు చాలా ఏళ్లు చదివాం. ఇక చాలు.

మనం చూసేది

పీఈటీ అంటే బడిలో ఎవరికి అవసరమైతే వారికి దొరికే మనిషి. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసుకి మనమే. మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాటైతే మనమే. ఎవరైనా పెద్దాయన వస్తున్నాడంటే పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టాల్సింది మనమే. "మీకేమండీ, విజిల్ ఊదితే జీతం" అని స్టాఫ్ రూములో నవ్వేవారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని, తర్వాత నేనూ వాళ్లతో కలిసి నవ్వడం నేర్చుకున్నాను.

కాని మిగతా టీచర్లకి కనపడనిది మనకి కనపడుతుంది. వాళ్లు పిల్ల నోటుపుస్తకం చూస్తారు, మనం పిల్ల నడక చూస్తాం. ఎవరు తినకుండా వచ్చారో, ఎవరికి ఒళ్లు వెచ్చగా ఉందో, ఎవరు ఎవర్ని చూసి పక్కకి తప్పుకుంటున్నారో ముందు తెలియాల్సింది మనకే. నాకు తెలియలేదు. కళ్లున్నాయి, విజిలుంది, డిప్లొమా ఉంది, అయినా తెలియలేదు.

శనివారం తూకం

గజపతినగరం వైపు ఒక ఊళ్లో హైస్కూలుకి బదిలీ మీద వెళ్లాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో వెయిట్‌లిఫ్టింగ్ అంటే పడిచస్తారు. దానికి కారణముంది. లిఫ్టింగులో పతకం వస్తే స్పోర్ట్స్ కోటా, కోటాలో ఉద్యోగం. వరి చేలు తప్ప ఇంకేమీ లేని ఇళ్లలో, ఆ ఇనుప బారు ఎత్తి రైల్వేలోనో పోలీసుశాఖలోనో చేరినవాళ్లు వీధికొకరుంటారు.

వాళ్లందరినీ తయారుచేసింది ఆ కోచే. ఊళ్లో అందరికీ ఆయన "మాస్టారు". ఒకప్పుడు తనూ జాతీయ పోటీల దాకా వెళ్లినవాడు. బడి ప్రహరీ పక్కనే రేకుల షెడ్డు, పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు. ఆయన ఎదురైతే పెద్దవాళ్లు కూడా సైకిలు దిగేవారు. పోటీకి ఎవరు వెళ్లాలో ఆయనే చెప్పాలి, సర్టిఫికెట్టు ఆయన చేతుల మీదుగానే రావాలి. చేరిన రోజున నేను కూడా ఆయన కాళ్లకి దండం పెట్టాను.

లిఫ్టింగులో ఒంటి బరువుని బట్టి గ్రూపులుంటాయి. అందుకని ప్రతి శనివారం పిల్లల్ని తూకం వేసేవారు. మగపిల్లలకి షెడ్డు ముందరే, వరసలో. ఆడపిల్లలకి మాత్రం షెడ్డు వెనకున్న సామాన్ల గదిలో, ఒక్కొక్కరినే.

"ఆడపిల్లలు కదా టీచర్, నలుగుర్లో కిలోలు సదివితే బాగుండదు. లోపల సూసేస్తాను" అన్నాడాయన.

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. ఆ మాట స్టాఫ్ రూములో మెచ్చుకుంటూ చెప్పాను కూడా. మన ఊళ్లల్లో తలుపు మూసింది ఆడపిల్ల మర్యాద కోసమంటే చాలు, ఇక ఎవరూ ఏమీ అడగరు. నేనూ అడగలేదు.

గౌరి అప్పుడు తొమ్మిదో తరగతి. వరి పండించే రైతు కూతురు. పొట్టిగా, గట్టిగా ఉండేది. బారు పట్టుకుందంటే ముఖంలో ఒక పొగరొచ్చేది. ఆ పొగరంటే నాకు ప్రాణం. నలభై నాలుగు కిలోల గ్రూపులో జిల్లా సెలక్షన్లకి పేరిచ్చాం. రెండు వారాలుందనగా ఒక శనివారం నా దగ్గరకొచ్చింది.

"టీచర్, నాను తూకానికి ఎల్లను."

"ఏటే, పెరిగిపోయావా? ఏటి తిన్నావు?" అన్నాను.

తల వంచుకుని నిలబడింది.

మా వృత్తిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చెయ్యరు. సెలక్షన్ల ముందు పిల్ల కాటా ఎక్కనంటే మా లెక్కలో ఒక్కటే అర్థం, బరువు గ్రూపు దాటిపోయిందని. కడుపునొప్పనే పిల్లల్నీ, బాత్రూములో దాక్కునే పిల్లల్నీ ఎంతమందిని చూశానో! అందుకని గౌరికి రాత్రి అన్నం మానెయ్యమని చెప్పాను. పొద్దున్నే ఉన్ని స్వెట్టరు తొడుక్కుని గ్రౌండు చుట్టూ పరిగెత్తమన్నాను. పిల్ల పరిగెత్తింది.

పై శనివారం మళ్లీ "ఎల్లను టీచర్" అని ఏడ్చింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకుని ఆ గది దాకా నేనే తీసుకెళ్లాను. "మాస్టారూ, ఇది బరువు దాస్తోంది. మీరే చూడండి" అని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత పది నిమిషాలూ నేను కబడ్డీ కోర్టుకి సున్నం వేస్తున్నాను. గీత తిన్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

సోమవారం గౌరి ప్రాక్టీసుకి రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ పైడమ్మ గుమ్మంలోనే చెప్పింది. "ఆట మాన్పించేసాం టీచరుగారండి. అది వద్దంతంది. బలవంతం ఏటి సేస్తాం?"

మన ఆడపిల్లలకి పట్టుదల లేదని స్టాఫ్ రూములో ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసం ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది. సిగ్గేస్తుంది.

ఒక ప్రశ్న

ఏడాదిన్నర గడిచాక పీఈటీలకి విజయనగరంలో ఒక రోజు శిక్షణ పెట్టారు. పిల్లల రక్షణ, పోక్సో చట్టం. మేమంతా టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్నాం. ఒక లాయరమ్మ లేచి ప్రశ్న వేసింది.

"ఒక పిల్ల ఒక చోటికి వెళ్లనంటోంది. మీరేం చేస్తారు?"

"బుజ్జగిస్తాం" అన్నారొకరు. "గట్టిగా చెప్తాం" అన్నారింకొకరు. వాళ్ల ఇంట్లో చెప్తామన్నవాళ్లూ ఉన్నారు.

"ఎందుకు వెళ్లవమ్మా అని అడగరా?" అందావిడ. "ఇంతమంది ఉన్నారు, ఆ మాట ఒక్కరికీ రాలేదేం?"

అందరూ నవ్వారు. నాకు గౌరి చెయ్యి గుర్తొచ్చింది. నేను పట్టుకుని లాక్కెళ్లిన చెయ్యి. ఆ రోజు ఇచ్చిన భోజనం పొట్లం విప్పకుండానే తిరిగిచ్చేశాను.

మర్నాడే గౌరి ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"గౌరీ, ఆ రోజు కాటా దగ్గరికి ఎందుకు ఎల్లనన్నావే?"

చేతిలో కాయ అలాగే పట్టుకుని నన్ను చూసింది. "ఇప్పుడా టీచర్ అడగతన్నారు?" అంది. చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాటకే పోలీసులకి చెప్పాల్సింది. అనుమానం ఉంటే చాలు, తేల్చడం మీ పని కాదని లాయరమ్మ చెప్పనే చెప్పింది. పిల్ల నోరు విప్పలేదు కదా, నా దగ్గర ఏముందని నేను ఆగిపోయాను. మొదటి తప్పు తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. కొత్తవాళ్లు ఈ రెండోదాన్ని మరీ మరీ గుర్తుపెట్టుకోవాలి.

కాటా మేడమ్

చెయ్యగలిగిందని నాకు తోచింది ఒకటి చేశాను. ఆ కాటా బడిది. స్టాకు రిజిస్టరులో నా సంతకం ఉంది. శనివారం పొద్దున్నే నలుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకెళ్లి గదిలోంచి దాన్ని మోయించుకొచ్చి, హెడ్మాస్టారి గది ఎదురుగా వరండాలో పెట్టాను. స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాను. పిల్లలు బట్టలతోనే ఎక్కుతారు, బట్టలకి అరకిలో తీసేస్తాం. అంకె గట్టిగా చదవం, పుస్తకంలో రాస్తాం. ఒక పిల్ల ఎక్కితే ఇంకో పిల్ల రాస్తుంది. ఇందులో మాస్టారికి పని లేదు.

ఆయన వచ్చి చూశాడు. నవ్వుతూనే ఉన్నాడు. "ఏటి టీచర్, ఆడపిల్లల మర్యాద వరండాలో ఎట్టేసారు?"

"మర్యాద ఎక్కడికీ పోలేదు మాస్టారూ. బయట పెట్టింది కాటాని."

ఊళ్లో నన్ను వెక్కిరించారు. "కాటా మేడమ్" అని పేరు పెట్టారు. రిటైరయ్యేదాకా అదే పేరు. మొదట్లో గుచ్చుకునేది, తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరగడం మానేశాను.

ఇంకొన్ని పద్ధతులు కూడా పెట్టాను. షెడ్డులో పిల్ల ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరు రాకపోతే ఆ పూట ప్రాక్టీసు లేదు. పిల్లల ఫోనుకి పెద్దవాళ్లెవరూ మెసేజి పెట్టకూడదు, చెప్పాల్సిందుంటే తల్లిదండ్రులకి చెప్పాలి. ఊరు దాటితే ఆడపిల్లల వెంట ఆడటీచరు ఉండి తీరాలి. మగపిల్లలకి కూడా ఇవే. వాళ్లకి జరగదని అనుకునేవాళ్లు నా దగ్గరకి రండి, చెబుతాను. జరుగుతుంది, వాళ్లు ఇంకా తక్కువ చెబుతారు.

ఇంత చేసి గెలిచేశాననుకున్నాను. మాస్టారు ఊరుకుంటే కదా! ఏడాది తిరిగేసరికి సొంతంగా ఇంకో కాటా కొనుక్కొచ్చి అదే గదిలో పెట్టుకున్నాడు. నాకు తెలియదు.

హేమ

నాకు తెలిసింది హేమ వల్ల. పదో తరగతి, ఆటో నడిపే అప్పలనాయుడు కూతురు. రాష్ట్రస్థాయిలో గెలిచింది. ఇంకో నెలలో నేషనల్స్. మా బడి పుట్టాక అంతదాకా వెళ్లిన ఆడపిల్ల లేదు. ఒక మధ్యాహ్నం డ్రిల్లు పీరియడులో నా పక్కకొచ్చి నిలబడింది.

"టీచర్, మాస్టారు కొత్త కాటా తెచ్చారు. నాను దాని మీద ఎక్కను."

విజిల్ ఊది మిగతా పిల్లల్ని ఖోఖోకి పంపేశాను. హేమని వరండా మెట్టు మీద కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను.

"ఎందుకమ్మా ఎక్కవు?"

చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. మధ్యలో ఆగిపోతే ఆగాను, "నిజమేనా" అనలేదు, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అనలేదు. అంతా అయ్యాక మూడు మాటలు చెప్పాను. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. దీన్ని నాలో దాచుకోను, చెప్పాల్సినవాళ్లకి ఈ రోజే చెబుతాను.

పిల్ల కళ్లు తుడుచుకుని ఒకటే అడిగింది. "మరి నన్ను నేషనల్స్‌కి పంపుతారా టీచర్?"

"పంపుతాను" అన్నాను. ఏ అధికారంతో అన్నానో నాకే తెలియదు. కాని ఆ క్షణం నుంచి నా పని రెండు ముక్కలని తేలిపోయింది. ఆ మనిషిని పట్టించాలి. ఈ పిల్ల ఆట పోకూడదు. గౌరి ఆట పోయినట్టు పోకూడదు.

పిల్ల అన్న మాటల్ని అన్నట్టుగానే కాగితం మీద రాసి, టైము వేసి, సంతకం పెట్టి, హెడ్మాస్టారి గదిలోకి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. కాగితం చదివి కళ్లజోడు తీసేశాడు.

"ఒక్క నెల ఆగండమ్మా. నేషనల్స్ అయిపోనీండి. పిల్ల భవిష్యత్తు కదా."

"ఈ నెల రోజులూ ఆ పిల్ల ఎవరి దగ్గర ప్రాక్టీసు చెయ్యాలి సార్?"

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. "పోనీ, మాస్టారిని పిలిచి ఒకసారి మనమే అడుగుదాం" అన్నాడు.

"అడగం సార్. మనం అడిగితే ఆయన ముందు వెళ్లేది ఆ పిల్ల ఇంటికే. తెలిసి చెప్పకపోతే కేసు మనిద్దరి మీద కూడా ఉంటుంది."

ఆయన టేబులు మీదే నా ఫోను పెట్టి, స్పీకరు వేసి, పిల్లల హెల్ప్‌లైన్‌కి కలిపాను. అటువైపు అమ్మాయి "బడి ఎక్కడండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే హెడ్మాస్టారు ముందుకి వంగి బడి పేరూ, ఊరూ, మండలం, తన పేరూ స్పష్టంగా చెప్పాడు. ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే పోయింది.

ఒక్క పిల్ల మాట

ఆ సాయంత్రం మహిళా ఎస్‌ఐ మామూలు చీర కట్టుకుని హేమ ఇంటికొచ్చింది. మంచం మీద కూర్చుని టీ తాగి, పిల్ల బారు ఎలా పట్టుకుంటుందో అడిగి, ఆ తర్వాతే అసలు సంగతికి వచ్చింది. పిల్లని స్టేషనుకి రమ్మనలేదు. అప్పలనాయుడు గుమ్మం దగ్గర నిలబడి ఒకటే అడుగుతున్నాడు. "నా కూతురి పేరు బయటికొస్తాదా అమ్మా?"

"రాదు. రాసినోడికే శిక్ష" అందావిడ.

మర్నాటికి మాస్టారు ఊళ్లో లేడు. పోలీసులు వచ్చి షెడ్డుకి తాళం వేశారు. బడి గేటు దగ్గర ముప్పై మంది జమయ్యారు. అందరూ పిల్లల్ని ఆ షెడ్డుకి పంపుతున్నవాళ్లే. పిల్ల ఎవరో వాళ్లకి తెలియదు, తెలిసిందల్లా కాటా మేడమ్ ఫిర్యాదు చేసిందని.

"మా పిల్లల ఉజ్జోగాలు ఎవలిస్తారు? నువ్విస్తావా?" అని ఒకాయన నా మొహం మీదకొచ్చాడు. "ఒక్క పిల్ల మాటకి దేవుడిలాంటి మనిషిని జైలుకెట్టేస్తారా?"

నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను.

రెండో రోజు అప్పలనాయుడు కబురు పెట్టాడు. వెళ్లేసరికి ఎస్‌ఐ అక్కడే ఉంది. "మా వల్ల కాదు టీచర్" అన్నాడాయన. "ఒక్కదాని మాట ఎవలు నమ్ముతారు? కేసొద్దు, ఆటొద్దు. పిల్లని వాళ్ల మావయ్య ఇంటికి పంపించేస్తాను." లోపల హేమ తన లిఫ్టింగు బెల్టు మడిచి ట్రంకుపెట్టెలో పెడుతోంది. అది చూడలేకపోయాను. ఇంకో గౌరి నా కళ్ల ముందే తయారవుతోంది.

అప్పుడు వీధిలో సైకిలు ఆగింది. కాలేజీ యూనిఫాంలో గౌరి, వెనక నడుస్తూ పైడమ్మ. గౌరి అప్పుడు ఇంటరు చదువుతోంది. ఆమెని నేను పిలవలేదు. పిలవడానికి నాకు మొహమెక్కడిది? షెడ్డుకి తాళం పడిందని తెలిసి తనే వచ్చింది. షెడ్డు దగ్గర చూసిన ఎస్‌ఐ స్కూటీ ఆటోవాళ్ల ఇంటి ముందు కనపడేసరికి సంగతి పట్టేసింది.

లోపలికొచ్చి, చెప్పులు విప్పి, ఎస్‌ఐ ముందు నిలబడింది. "ఒక్క పిల్ల కాదు మేడమ్. ఇద్దరం."

హేమ ట్రంకుపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి గౌరిని చూస్తూ నిలబడిపోయింది.

గౌరి నా వైపు తిరిగి, "టీచర్, మీరు బయట కూకోండి" అంది.

బయట కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. పైడమ్మ నా పక్కనే కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంది. బయటికొచ్చాక గౌరి నా ముందు ఆగింది.

"ఆ రోజు మీరే సెయ్యట్టుకుని నన్ను తీసుకెల్లారు టీచర్."

"అవునే."

"అదీ రాయించాను."

"రాయించాలి" అన్నాను. "కోర్టులో నన్నడిగితే నేనూ అదే చెబుతాను." చెప్పాను కూడా. నల్లకోటాయన "మీరే తీసుకెళ్లారా?" అని రెట్టించి అడిగాడు. అవునండీ, నేనే తీసుకెళ్లాను అన్నాను. నా సర్వీసులో నేను పలికిన మాటలన్నిట్లోకీ బరువైనది అదే.

గౌరి వచ్చి వెళ్లాక అప్పలనాయుడు మళ్లీ కేసొద్దనలేదు. ట్రంకుపెట్టెలోంచి బెల్టు తనే తీసి హేమ చేతికిచ్చాడు.

గదిలోని తూకం పుస్తకాలు పోలీసులు పట్టుకెళ్లారు. మగపిల్లల బరువులన్నీ శనివారాలే, ఒకే సిరాతో, వరసగా. ఆడపిల్లలవి శనివారాలే కాక ఒక్కొక్కటీ ఒక్కో రోజు, ఒక్కో రంగు సిరా, ఆయన గదిలోకి పిలిచినప్పుడల్లా రాసినవి. ఆ పుస్తకాలు ఏళ్ల తరబడి ఆ గదిలో బల్ల మీదే ఉన్నాయి, తెరిచి చూసినవాళ్లు లేరు. ఎస్‌ఐ గౌరి పేజీ నాకు చూపించింది. నేను లాక్కెళ్లిన శనివారం ఆ పిల్ల బరువు నలభై మూడు కిలోల రెండు వందల గ్రాములు. గ్రూపు నలభై నాలుగు. పిల్ల ఏమీ పెరగలేదు. నేను మానెయ్యమన్నానని అన్నం మానేసి ఇంకా తగ్గిపోయింది.

ఆయన్ని వారం తిరక్కుండానే బంధువుల ఊళ్లో పట్టుకున్నారు. తీర్పుకి ఏళ్లు పట్టింది. అయితేనేం, వచ్చింది. నేరం రుజువైంది, శిక్ష పడింది. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ మైసూరుపాకులు పంచాను. ఎందుకని అడిగినవాళ్లకి ఇంకోటి ఇచ్చాను.

డప్పులు

ఇక రెండో ముక్క, హేమ ఆట. కోచ్ లేడు, షెడ్డుకి తాళం, నేషనల్స్‌కి మూడు వారాలు. హెడ్మాస్టారు నన్ను పిలిచి, "కొత్తవలసలో ఒకమ్మాయి ఉండేది, బాగా ఎత్తేది. పెళ్లయి ఇద్దరు పిల్లలు. అడిగి చూద్దామా?" అన్నాడు. ఆ భయస్తుడే! ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ అమ్మాయి పొయ్యి మీద పప్పు కలుపుతూ మొత్తం విని, "రేపు ఫస్టు ప్యాసింజరుకి వచ్చేస్తాను సార్" అంది. మూడు వారాలూ రైలెక్కి వచ్చి నేర్పింది. బారూ ప్లేట్లూ బడి వరండాలోకి తెచ్చుకున్నాం. గచ్చు పగిలింది. పగిలితే పగిలిందన్నాడు హెడ్మాస్టారు.

నేషనల్స్‌లో హేమ చివరి లిఫ్టుకి వెళ్లేముందు నన్ను చూసింది. బారు పట్టుకోగానే ముఖంలోకి ఆ పొగరొచ్చింది. నాకు బాగా తెలిసిన పొగరు. ఎత్తి, నిలబెట్టి, జడ్జీలు సరేనని తెల్లదీపాలు వెలిగించేదాకా దించలేదు. వెండి పతకం! నేను కుర్చీ మీదికెక్కి అరిచాను. దిగమని ఎవరో చెప్పారు, దిగలేదు.

మేం రైలు దిగేసరికి స్టేషను బయట డప్పులు. మొత్తం ఊరే వచ్చింది. గేటు దగ్గర నా మొహం మీదకొచ్చినాయన అందరికంటే ముందు నిలబడి డప్పు వాయిస్తున్నాడు. పెద్దరికంగా ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. "ఏటి బాబూ, ఉజ్జోగాలు ఎవలిస్తారో తెలిసిందా?" అన్నాను. ఆయన సిగ్గుపడి ఇంకా గట్టిగా వాయించాడు. ఆ తర్వాత తన కూతుర్ని ప్రాక్టీసుకి పంపాడు, వరండాలోకే.

పదకొండు గారెలు

రిటైరైన రోజు సభలో చాలామంది మాట్లాడారు. సగం నాకు వినపడలేదు. గౌరి రాలేదు. బడికి సెలవు దొరకలేదని ఫోను చేసింది. అవును, బడికి. డిగ్రీ చేసి, బీపీఈడీ చేసి, ఇప్పుడు కోటబొమ్మాళిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. మళ్లీ బారు పట్టుకోలేదు గాని, బారు పట్టుకునే పిల్లలు పాతికమంది ఆమె చేతి కింద ఉన్నారు. నన్ను క్షమించావా అని ఎప్పుడూ అడగలేదు. అది అడిగి ఆమె మీద ఇంకో బరువు పెట్టడం నాకిష్టం లేదు.

ఆ ఆదివారం ఇంటికొచ్చింది. వంటింట్లోకొచ్చి పీట వాల్చుకుని కూర్చుని, ఉన్నట్టుండి అంది. "టీచర్, మొన్న మా బడిలో ఒక పిల్ల కాటా ఎక్కనంది."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "ఏటి సేసావు?"

"సేసేదేటి. విజిలూది అందర్నీ ఆటకి తోలేసి, పక్కన కూకోబెట్టుకున్నాను. ఎందుకమ్మా ఎక్కవు అని అడిగాను."

"ఏటంది?"

"అమ్మమ్మ ఇంటికెల్లి పదకొండు గారెలు తినేసాను టీచర్, ఎక్కితే తెలిసిపోతాది, అంది."

ఒక్క క్షణం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత నవ్వు ఆగలేదు. నేను గోడ పట్టుకుని నవ్వాను. గౌరి కళ్లలోంచి నీళ్లొచ్చేదాకా నవ్వి, చున్నీతో తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"మరి ఎక్కించావా?" అన్నాను. పాత అలవాటు, నోట్లోంచి వచ్చేసింది.

"లేదు టీచర్" అంది గౌరి. "ఎక్కనంది కదా."